నీడ పక్క కిటికీ

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకాల ఎవరో వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. ఒలవండి గానీ, కాసేపు నోరు నమలడానికి మాత్రమే వాడండి. నేను చెప్పబోయేది బందరు పోతురాజు సంగతి. ఇందులో అతిశయం ఏదైనా ఉంటే అది నాది. ఏడుపు మాత్రం ఆయనదే.

పోతురాజు గిలకలదిండి రేవు నుంచి ఊళ్ళకి చేపలు చేరవేసే ఆటో తోలేవాడు. మనిషి బంగారం. ఒక్కటే పిచ్చి, రైళ్ళ ఫొటోలు తీయడం. అదీ రోజూ తిరిగే బళ్ళు కాదు. వాటిని చూస్తే పిలవని చుట్టం ఎదురైనట్టు మొహం తిప్పుకునేవాడు. టైంటేబుల్లో లేని బండి కావాలాయనకి. పెళ్ళివారో యాత్రలవారో మొత్తంగా మాట్లాడుకుంటే, ఒక్కసారి వచ్చి మళ్ళీ కనపడకుండా పోయే స్పెషల్ కావాలి. అలాంటి బండి గుడివాడలో కూత వేస్తే బందరులో ఈయన చెవి నిక్కబొడుచుకునేది. ఒకసారి బండి బయల్దేరకముందే ఫొటో తీసేశాడట. దాని మీద పడ్డ టైము చూసి, "ఓహో, నేను ఇన్నింటికి బయల్దేరాలన్నమాట" అని డ్రైవరు గబగబా ఇంజనెక్కాడట. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటి ఫొటోలు ఇంట్లో నాలుగొందల పైచిలుకు ఉన్నాయి. వాళ్ళక్క రత్నం ఫొటో ఒక్కటీ లేదు.

తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది రత్నం. మొగుడు సముద్రంలో పోయాడు, పిల్లల్లేరు. అరవై దాటినా నెత్తిన గంప పెట్టుకుని బందరు వీధుల్లో చేపలమ్మేది. ఆ కెమెరా కొనిపెట్టిందీ ఆవిడే.

"ఒరే, నీ కంటికి నేను ఆనాలంటే చక్రాలు బిగించుకోవాలేంట్రా?" అనేది.

"రేపు తీస్తాలే అక్కా."

"నీ రేపుక్కూడా టైంటేబులు లేదురా నాయనా!"

ఆ వేసవిలో అవనిగడ్డ, మోపిదేవి వైపు జనం కలిసి బందరు నుంచి కాశీకి ఒక రైలు మాట్లాడుకున్నారు. రత్నం దగ్గర పాతికేళ్ళుగా చేపలు కొనే వసుంధరగారిది అవనిగడ్డే. "నువ్వూ రా రత్నం, తోడుగా ఉంటావు" అని ఆవిడే పేరు రాయించింది. పుట్టి బుద్ధెరిగాక రత్నం రైలెక్కింది లేదు. ఆ సాయంత్రం నేరుగా తమ్ముడింటికొచ్చి నడుం మీద చెయ్యేసుకు నిలబడింది.

"ఇదిగోరా, నాక్కూడా చక్రాలొచ్చాయి. ఇప్పుడైనా తీస్తావా?"

పోతురాజుకి ఆ మాట ఎక్కడో ముల్లులా దిగింది.

"తీస్తానక్కా. పెడన దాటాక కాలవ పక్కన లైను వంపు తిరుగుద్ది. అక్కడుంటా. కిటికీలోంచి నీ ఎర్ర తువ్వాలు ఊపు. నిన్నే తీస్తా. ఇంజను కూడా వద్దు."

"ఇంజను వద్దా! ఒంట్లో బానే ఉందా నీకు?"

నువ్వు ఏ పక్క కూర్చుంటావని ఆయన అడగలేదు. నువ్వు ఏ పక్క నిలబడతావని ఆవిడా అడగలేదు. అది అడగాల్సిన మాటని ఇద్దరికీ తోచలేదు.

బండి బయల్దేరే రోజు తెల్లారాక పోతురాజు వంపు దగ్గరికి వెళ్ళి తూర్పు పక్కన నిలబడ్డాడు. ఫొటో తీసేవాడు ఎండని వీపున మోయాలి, ఎండ పడ్డ పక్కే బండి మెరుస్తుంది. పట్టాలకి అవతల కోదండరామయ్య అనే ఆయన బాతులు మేపుకుంటున్నాడు.

"ఎండలో మాడతారేంటి బాబూ? ఇటు రండి, తుమ్మచెట్టు నీడుంది!"

"నీడలో ఫొటో రాదండీ!"

బండి వచ్చింది. పద్దెనిమిది పెట్టెలు. పోతురాజు కెమెరా కంటికి ఆనించి ఒక్కో కిటికీ వెతికాడు. పొద్దుటెండ మొహాన కొడుతోందని జనం ఆ పక్క షట్టర్లన్నీ దించేశారు. చెయ్యి లేదు, తువ్వాలు లేదు. చివరి పెట్టె దాటిపోయింది. ఎప్పుడూ ఫొటో తప్పని మనిషి, ఆ రోజు మీట నొక్కనే లేదు.

పట్టాలు దాటుకుంటూ కోదండరామయ్య నవ్వుతూ వచ్చాడు.

"ఎవరో పెద్దావిడ బాబూ, ఎర్ర తువ్వాలు ఊపింది మా బాతులకి! ఎంత మర్యాదస్తురాలో! చెయ్యంతా బయటికి పెట్టి ఊపింది."

పోతురాజు అక్కడికక్కడే కాలవగట్టు మీద కూలబడ్డాడు. మధ్యాహ్నం వసుంధరగారి ఫోనుకి చేస్తే రత్నం అందుకుంది.

"ఎక్కడ చచ్చావురా? బాతులు తప్ప ఎవరూ లేరక్కడ!"

"ఎండ పక్కనున్నానక్కా. అటేగా నిలబడాలి!"

"ఎండలో ఎవరైనా నిలబడతారట్రా? జన్మంతా చేపల గంప నీడన పెట్టి అమ్మినదాన్ని. నువ్వూ నీడలోనే ఉంటావని, ఈవిణ్ణి బతిమాలి మరీ సీటు మార్చుకున్నాను."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారు.

"వచ్చేప్పుడు అదే కిటికీలో ఉంటాను. నువ్వు నీడ పక్కకి రా. ఈసారి తప్పావంటే నీకు పులుసు లేదు" అంది.

అయిదోరోజు వసుంధరగారు ఫోన్ చేశారు. జన్మంతా నీడ వెతుక్కుని కూర్చున్న మనిషి, కాశీలో దర్శనం వరసలో వడదెబ్బ తగిలి పడిపోయిందట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయిందట. ఇక్కడి నుంచి తమ్ముడు చేరేదాకా ఆ ఎండల్లో ఉంచలేమన్నారు, దహనం అక్కడే జరిగిపోయింది. కడసారి ఫోన్లో చూపిస్తానని వసుంధరగారంటే పోతురాజు వద్దన్నాడు.

తిరుగు బండి గురువారం పొద్దున్నే వస్తుందని తెలిసింది. ఇంట్లో దినాలు నడుస్తుంటే కెమెరా పట్టుకుని పోతాడేంటని చుట్టాలు తలో మాటా అన్నారు. ఆయన వినిపించుకోలేదు. ఈసారి నీడ పక్క, బాతుల మధ్యన నిలబడ్డాడు. అక్కడి నుంచి తీస్తే బండి నల్లగా వస్తుందని ఆయనకి తెలుసు.

బండి వంపు తిరిగింది. ఈ పక్క కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, కిటికీకో మొహం ఉంది. ఏడో పెట్టెలో మాత్రం ఒక కిటికీ ఖాళీ. లోపల వసుంధరగారు పక్కకి ఒదిగి కూర్చున్నారు. ఆ సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదావిడ. కిటికీ కడ్డీకి కట్టిన ఎర్ర తువ్వాలు గాలికి రెపరెపలాడుతోంది.

పోతురాజు కెమెరా ఎత్తాడు. మళ్ళీ దించేశాడు. భుజం మీది తువ్వాలు తీసి ఊపడం మొదలెట్టాడు. పెట్టెలన్నీ పోయాయి, చప్పుడూ పోయింది, పట్టాలు చల్లబడ్డాయి. ఆయన ఇంకా ఊపుతూనే ఉన్నాడు. చివరికి ఆ తువ్వాల్లోనే మొహం పెట్టుకుని, నలభై ఏళ్ళ మీసాల మనిషి చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కోదండరామయ్య అది చూశాడు. ఫొటో తప్పిపోయిందని ఏడుస్తున్నాడనుకున్నాడు పాపం. దగ్గరికొచ్చి వీపు నిమిరాడు.

"ఊరుకోండి బాబూ, రైలు పోతే పోయింది. ఇదిగో, మా బాతుల్ని తీసుకోండి ఫొటో. వరసగా నడుస్తాయి. ముందున్నది ఇంజను, వెనకాల కుంటిది గార్డు. రైల్లాగా కాదండీ, ఇవి వెనక్కి రమ్మంటే వస్తాయి!"