మూడు వోల్టుల మోటారు

అత్తగారి మంచం తలవైపును బెల్టుతో పైకి లాగే మోటారు అరిగిపోతే, కొత్తది కోడలే ఎంచింది. యంత్రాల రిపేరు షాపులో పనిచేసే మనిషి, ఆ మాత్రం తెలియదా? పాతదాని మీద మూడు వోల్టులని ఉంది. ఇంట్లో పవర్ బాక్సేమో ఇరవైనాలుగుది. ఇన్నాళ్లూ మాడకుండా ఎలా బతికిందో అనుకుని, పన్నెండు వోల్టులది తెచ్చి పొద్దున్నే బిగించింది. జాగ్రత్తపడ్డాననుకుంది పిచ్చిది.

మధ్యాహ్నం షాపుకి, పొద్దున తను బిగించినలాంటి మోటారే రిపేరుకొచ్చింది. కాయిల్‌కి మీటరు పెడితే నిరోధం ముప్పై ఓములు. ఇంట్లో ఉన్న ఇరవైనాలుగుని ముప్పైతో భాగించి చూసుకుంది. ఈ మోటారు తట్టుకునే కరెంటుకి అది రెట్టింపు. మూడు వోల్టులదాన్ని ఇన్నాళ్లూ కాపాడింది కరెంటుకి హద్దు పెట్టే డ్రైవరు బోర్డు. ఆ హద్దు ఇంకా పాత మోటారుకి పెట్టినదే. ఈ సన్నకాయిల్‌కి అది చాలా ఎక్కువ. పైగా ఈ రకం మోటారు ఆగినా ఊరుకోదు, బరువు మోస్తున్నంతసేపూ కరెంటు తాగుతూనే ఉంటుంది. పొద్దుట్నుంచీ మంచం లేచే ఉంది. పైన ఇట్టే అంటుకునే ఫోము పరుపు.

అత్తగారికి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. పనిబట్టలతోనే ఇంటికి పరుగుతీసింది. ఆవిడకి పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు.

గుమ్మంలోనే మాడువాసన. మంచం కింద పొగ. అత్తగారు కళ్లు పెద్దవి చేసుకుని, ఎడమచెయ్యి గోడమీది స్విచ్చుకి ఆనించి కూర్చుని ఉన్నారు.

కోడలు ప్లగ్గు పీకబోయి ఆగిపోయింది. కరెంటు పోతే మోటారు పట్టు వదిలేస్తుంది, మంచం దబ్బున పడుతుంది. తలవైపు కింద భుజం పెట్టింది.

"అత్తయ్యా, ఇప్పుడు కట్టెయ్యండి!"

స్విచ్చు టక్కుమంది. బరువంతా భుజం మీద పడింది. పళ్లు బిగబట్టి, కాలితో స్టూలు లాగి తలవైపు కిందికి తోసింది. అప్పుడు నేలమీద కూలబడి భోరుమంది.

"ఫోనెందుకు ఎత్తలేదు? నా ప్రాణం పోయింది!"

"ఉన్నది ఒక్క చెయ్యాయె. స్విచ్చు మీంచి తీస్తే ఎలా?"

"వాసనెప్పుడొచ్చింది?"

"చాలాసేపైందే."

"మరి అప్పుడే కట్టెయ్యకపోయారా!"

"కట్టేస్తే పడిపోతానని చెప్పావుగా," అన్నారు అత్తగారు, ఆ చేతినే కోడలి తలమీద వేసి. "మంట కనిపిస్తే కట్టేద్దామనుకున్నా. ఈలోపు నువ్వొస్తావులే అని కూర్చున్నా."