జెల్ల ముల్లు

అచ్చాయమ్మ ఎడం చేత్తోనే జెల్ల చేప వీపు ముల్లు విరిచి పక్కన పడేసింది. కుడిచెయ్యి మోచేతి దాకా వాచిపోయి, చర్మం నున్నగా మెరుస్తోంది. మొన్న చచ్చిందనుకున్న జెల్ల ఒకటి ఉన్నట్టుండి తన్నుకుని, పక్కముల్లు ఆవిడ బొటనవేలి కింద దించింది. సున్నం రాసి గుడ్డ కట్టుకుంది. ఈ వృత్తిలో ఎన్నిసార్లు గుచ్చుకోలేదు గనక! కాకపోతే అప్పట్లో ఒంట్లో సుగరు లేదు.

నరసాపురం చేపల బజారులో కుళాయి పక్క చోటు ఆవిడది. కాగితం లేదు, రాత లేదు. కూర్చున్నవాళ్ళదే చోటు, ఒక్కపూట కత్తిపీట ఎత్తితే ఇంకొకరు దించేస్తారు. అచ్చాయమ్మకి కూడా అది అలాగే దక్కింది, పురిటికి వెళ్ళిన ఓ మనిషి తిరిగొచ్చేలోపల. అందుకే మొగుడు పోయిన మర్నాడు కూడా ఆవిడ ఇక్కడే ఉంది.

ఎదురుగా ఎండలో చెల్లెలి కూతురు రాణి నిలబడి ఉంది. రొయ్యల షెడ్డులో పని పోయిన దగ్గర్నుంచి సంచిలో కత్తిపీట పెట్టుకుని తిరుగుతోంది.

"ఆసుపత్రికెళ్ళు పెద్దమ్మా. నేను కూర్చుంటాలే."

"కూర్చుంటావే. లేవడమే నీకు రాదు."

రాణి నవ్వింది. సంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

లేసుపని చేయించే సత్యవాణి గారు కోయించుకోడానికి పెద్ద జెల్ల తెచ్చారు. దాని నోరు తెరిస్తే లోపల గోళీకాయలంతేసి గుడ్లు.

"అయ్యో, తల్లి చేపా?"

"మగదండి. పిల్లలయ్యేదాకా నోట్లోనే దాచుకుని మేత మానేస్తదండి. మా ఆయన నోట్లో చుట్ట తప్ప ఏదీ నిలవలేదు."

సత్యవాణి గారు నవ్వి, ఫోను తీసి చూసుకోసాగారు. అచ్చాయమ్మ జారకుండా చేపకి బూడిద రాసింది. అంత ఎండలోనూ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఒక్క క్షణం ఆగండని చెప్పి, వెనక గోడకి వీపు ఆనించింది. ఈపూట గడిస్తే చాలు, సాయంత్రం డాక్టరుకి చూపించుకోవచ్చు అనుకుంది. కళ్ళు సగం మూతపడ్డాయి.

"నిద్రపోతోందేంటండీ ఈవిడ?" అన్నారు సత్యవాణి గారి వెనకున్నవాళ్ళు.

రాణి వచ్చి వంగింది. పెద్దమ్మ మెడ కింద వేళ్ళు పెట్టి కాసేపు అలాగే ఉంచింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆవిడ ముందున్న చేపని లాక్కుని, తన కత్తిపీట దించి, కోసి, కడిగి సత్యవాణి గారి చేతికిచ్చింది. బజారంతా చూసింది, కుళాయి దగ్గర కోసేది రాణి అని. అప్పుడు చెప్పింది.

"పెద్దమ్మ పోయిందండి."

ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. నలుగురూ కలిసి అచ్చాయమ్మని లేపి ఆటోలోకి ఎక్కించారు. నువ్వు రావా అని అడిగితే, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "మీరు పదండి. బజారు కట్టెయ్యగానే వస్తాను," అంది.

ఆటో మలుపు తిరక్కముందే రాణి ఆ చోట్లో చతికిలబడింది. కింద పరిచిన గోనెపట్టా ఇంకా వెచ్చగానే ఉంది.