గుర్రం చెవి

"నిన్ను నిండా ముంచారయ్యా థర్కెల్!"

మ్యూజియం నాణేల గదిలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా అన్నాడు సర్ లూషియస్ పెన్నెథోర్న్. పాత నాణేలు పోగుచేసే శ్రీమంతుడు, మ్యూజియం ధర్మకర్తల్లో ఒకడు. జేబులోంచి తన వెండి నాణెం తీసి బల్ల మీద పెట్టాడు.

ఆంబ్రోస్ థర్కెల్ దాని మీదికి వంగాడు. గుమాస్తాగా చేరి ఆ గదిలోనే జుట్టు నెరిసిన మనిషి. విభాగాధిపతి పదవి ఖాళీ అయింది. ధర్మకర్తలు రేపు నిర్ణయిస్తారు. అతని పేరు ముందుండడానికి కారణం ఒకే ఒక్క నాణెం. అఫ్గాన్ ప్రాంతపు ప్రాచీన రాజ్యం బాక్ట్రియాను ఆర్టెమాన్ అనే గ్రీకు రాజు ఏలాడని లోకానికి చెప్పింది ఆ నాణెమే. అతని మాట నమ్మి మ్యూజియం దాన్ని కొన్నది.

"నాది ఫిలాండర్ రాజు నాణెం. లోకంలో ఇదొక్కటే ఉంది. వెనకవైపు గుర్రాన్ని చూడు. నీ దాని మీదా అచ్చం అదే గుర్రం! ఇద్దరు రాజులకి ఒకే గుర్రమేమిటయ్యా? ఎవడో నా నాణెం నుంచి నకలు తీసి, ముందువైపు ఎన్నడూ లేని రాజు మొహం అంటించాడు. తొందరలో కళ్లెం పెట్టడం కూడా మర్చిపోయాడు, వెధవ!"

నిజమే. సర్ లూషియస్ గుర్రానికి కళ్లెంలా ఒక గీత ఉంది. మ్యూజియం గుర్రానికి లేదు.

"నాలుగింటికి నాణేల పండితుల సంఘం సమావేశం. అందాకా నా నాణెం నీ దగ్గరే ఉంచుకో. అక్కడ నీ నోటితోనే ఒప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది."

థర్కెల్ రెండు నాణేలూ పట్టుకుని ఇంటికి పరుగెత్తాడు. వెండి మెరుపు కంటిని మోసం చేస్తుందని అతని నమ్మకం. అందుకే ఏ రెండు నాణేలనూ లోహంలో పోల్చడు. తెల్లటి ప్లాస్టర్‌లో నకళ్లు తీశాకే పోలుస్తాడు.

చెల్లెలు హారియెట్ వంటింట్లోంచి అరిచింది. "అన్నయ్యా, మళ్లీ నా టోస్టు స్టాండులోనే ఆరబెడుతున్నావా? పొద్దున రొట్టెకి సున్నం రుచి!"

"ఇవాళ ఒక్కరోజు ఓర్చుకోవే!"

ఆరిన నకళ్లను కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టాడు. మెరుపు పోయి ఆకారం ఒక్కటే మిగిలింది. కాళ్లు, తోక, జూలు అన్నీ ఒకటే. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు.

అప్పుడు కళ్లెం మీద చూపు ఆగింది. మరుక్షణం కోటు కోసం చెయ్యి చాపాడు.

సమావేశంలో సర్ లూషియస్ నవ్వుతూ కూర్చున్నాడు. థర్కెల్ నకళ్లు ఆయన చేతిలో పెట్టాడు.

"సర్ లూషియస్, మీ గుర్రం కళ్లెం ఎక్కడిదాకా పోయిందో చూడండి."

"మూతి దగ్గర్నుంచి... చెవి మీదుగా..." ఆయన గొంతు తగ్గింది. "నాణెం అంచుదాకా పోయింది."

"ఏ కళ్లెమూ అలా పోదు కదండీ. అది టంకశాల అచ్చుకి పట్టిన పగులు. పగులులోకి వెండి దూరి గీతలా పైకి లేచింది. ఆ గీత కింద మీ గుర్రం చెవి మాయమైంది. నా గుర్రానికి చెవి నిండుగా ఉంది, లోపలి వెంట్రుకలతో సహా. మీ నాణెం నుంచి నకలు తీసినవాడికి, అందులో లేని చెవి ఎక్కడ దొరికింది?"

థర్కెల్ రెండు గుర్రాల మీదా వేలు పెట్టి చూపించాడు.

"రెండు నాణేలకూ వెనకవైపు కొట్టిన అచ్చు ఒకటే. పగలకముందు ఆర్టెమాన్ వాడాడు, పగిలాక ఫిలాండర్ వాడాడు. రాజు మారాడు, ముందువైపు మొహం మార్చారు. వెనకవైపు అచ్చు పారెయ్యడానికి మనసొప్పలేదు. ఎవరు ముందో ఎవరు తర్వాతో తొలిసారి తెలిసింది. నా ఒక్క నాణెంతో అది తేలేది కాదు, మీది కూడా కావాల్సి వచ్చింది."

సర్ లూషియస్ నకలును కంటి దగ్గరికి తెచ్చుకుని ఆ చెవిని చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"ఇన్నేళ్లూ వచ్చినవాళ్లందరికీ కళ్లెం చూపించి మురిసిపోయానయ్యా!" ఆయన లేచి టోపీ అందుకున్నాడు. "రేపు నీ పేరు నేనే ప్రతిపాదిస్తాను. ఎవడైనా కాదంటే ఈ గుర్రాలు చూపిస్తా. ఈ నకళ్లు నాకిచ్చెయ్."

"తీసుకోండి. ఇంట్లో టోస్టు స్టాండు ఇక రొట్టెకే మిగులుతుంది," అన్నాడు థర్కెల్.