లోపల మడిచిన గుడ్డ

మా కొట్లో ఒక నియమం ఉంది. వదులైన బట్టని బిగించమని ఎవరు తెచ్చినా లోపలికి మడిచి కుట్టాలే గాని, మిగిలిన గుడ్డని కత్తిరించకూడదు. నియమం పెట్టింది మా చెల్లెలు, పాటించాల్సింది నేను. పెట్టేవాళ్ళకేం, నోరుంటే చాలు. మందపాటి మడతల మీద మిషను తొక్కి సూదులు విరగ్గొట్టుకునేదాన్ని నేను.

"ఈ బట్ట తెచ్చినావిడతో అయిపోదక్కా. ఆవిడ తర్వాత ఇంకొకరు వేసుకుంటారు. వాళ్ళు కాస్త లావుగా ఉంటే? గుడ్డ లోపలుంటే విప్పుకుంటారు. కోసేశావనుకో, ఇంక దానికి రేపనేది లేదు," అనేది.

మాది పాతబట్టల కొట్టు. పాతబట్టలని మొహం చిట్లించక్కర్లేదు. మా చెల్లెలి చేతిలో పడ్డాక వాటిని వదిలించుకున్నవాళ్ళే గుర్తుపట్టేవాళ్ళు కాదు. తను ఏరి తెచ్చేది, నేను విప్పి సరిచేసి కుట్టేదాన్ని, ఎవరికి ఏది నప్పుతుందో మళ్ళీ తనే చెప్పేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, కొట్టు నడిచింది ఆ నోటి మీదే. నాది పుల్లవిరుపు మాట, పైగా ముక్కు మీద కోపం. అందుకే నన్ను తెర వెనక మిషను దగ్గర కూర్చోబెట్టింది. జానెడు దారం వృథా చేసినా తెర అవతలి నుంచే తిట్టేది. ఎలా కనిపెట్టేదో ఇప్పటికీ నాకు తెలీదు.

వీధి చివర బ్యాంకులో పనిచేసే ఆవిడ మా పాత కస్టమరు. బ్యాంకావిడ అనే పిలుచుకునేవాళ్ళం. కొత్త బట్టలు కొందామని ఇంట్లోంచి బయల్దేరి, దారిలో మా చెల్లెలితో కబుర్లలో పడి, ఒంటిమీదున్న కోటుకే గుండీలు మార్పించుకుని వెళ్ళిపోయేది.

"కొత్తది కొనాలనిపిస్తే ముందు గుండీలు మార్చండి," అని చెప్పేది మా చెల్లెలు. "అప్పటికీ మనసు ఊరుకోకపోతే కాలరు మార్చండి. అప్పటికీ ఊరుకోలేదంటే మీకు కావలసింది బట్టలు కాదండీ, ఓ రోజు సెలవు."

బ్యాంకావిడ పకపకా నవ్వేది. "గుండీలు కుట్టే మనిషికి సెలవెవరిస్తారో," అని నేను తెర వెనక గొణుక్కునేదాన్ని.

చెల్లెల్ని నేను దొరసాని అనేదాన్ని. ఎవరో విసిరేసిన చొక్కా తొడుక్కున్నా దర్జా అలా ఉండేది మరి. ఒకసారి పాతబట్టల మూటలో లైనింగు చిరిగిన ముదురాకుపచ్చ ఉన్ని కోటొకటి వచ్చింది. నేల తుడుచుకోవడానికి పనికొస్తుందన్నాను. తను దులిపి, తొడుక్కుని, అద్దానికి వీపు పెట్టి మెడ తిప్పి చూసుకుంది. "అందరూ ముందువైపే చూసుకుంటారు గానీ, మనం వెళ్ళిపోతుంటే జనానికి కనబడేది వీపేనక్కా," అంది. ఆ రోజు నుంచి ఆ కోటు తన ఒళ్ళు వదల్లేదు.

ఈ పాతబట్టల పిచ్చంతా తనకి నా వల్లే పట్టింది. తను చదువుకునే రోజుల్లో నేను రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలర్లే. నిండు చొక్కా ఎలా ఉంటుందో చూసిన పాపాన పోలేదు. ఓసారి సూది వేలిలోంచి దూసుకుపోతే, కట్టు కట్టించుకుని తిరిగి పనిలో కూర్చున్నాను. చెల్లెలు ఆ వేలు పట్టుకుని, "నీ కాలరు మెడకి పెట్టుకుని తిరిగేవాడికి నువ్వున్నావని కూడా తెలీదు కదక్కా," అని ఏడ్చింది. తను మళ్ళీ కొత్త బట్ట కొనలేదు. చదువయ్యాక కొట్టు తెరిచి, నన్ను ఆ ఫ్యాక్టరీలోంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

అలాంటిదానికి జబ్బు చేసింది. ఆ జబ్బు పేరు చెప్పను, నా నోటితో దానికి అంత మర్యాద ఎందుకు?

మొదట నవ్వుతూనే వచ్చింది. "కాస్త తగ్గవే అని సతాయించేదానివిగా, తగ్గాను. కోటు బిగించు," అంది. మడిచి కుట్టాను. చలికాలం సగంలోకి వచ్చేసరికి మళ్ళీ వదులైంది, మళ్ళీ మడిచాను. తన చొక్కాలు, లంగాలు అన్నీ అలాగే లోపలికి మడుస్తూ వచ్చాను. ఒక్క అంగుళం కూడా కోయలేదు. తన నియమం మీద నాకు మొదటిసారి ప్రేమ పుట్టింది అప్పుడే. గుడ్డ ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. మందులు పనిచేసి ఒళ్ళు రాగానే కుట్లు విప్పేస్తాను, అంతే. అలా అనుకుంటేనే నాకు మిషను మీద కాలు ఆడేది.

డాక్టరు నీళ్ళు నమిలాడు. చివరికి, "ఇంటికి తీసుకెళ్ళండి, తనకి ఇష్టమైనవి పెట్టండి," అన్నాడు. ఆ మాటకి అర్థం ఎవరిని అడిగినా చెబుతారు. నేను మాత్రం ఇష్టమైనవి పెడితే ఒళ్ళు చేస్తుందనే అర్థం చేసుకున్నాను.

తనకి ఎప్పుడూ చలే. మంచం మీద కూడా కోటు విప్పేది కాదు. ఒకరోజు ఒళ్ళు తుడుస్తుంటే పక్కటెముకల మీద ఎర్రటి చారలు కనిపించాయి. మడత మీద మడత వేసిన ఆ గుడ్డ, ఉత్త ఎముకల మీద ఒత్తుకుపోతోంది.

"గుచ్చుకుంటోందక్కా. పడుకోలేకపోతున్నాను. ఆ గుడ్డ కోసెయ్."

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకే? మెత్తగా దూది పెట్టి కుడతాను."

"దూది పెడితే ఇంకా మందమవుతుంది. కోసెయ్."

"నియమం పెట్టింది నువ్వే కదా! రేపు ఒళ్ళు చేశాక ఏం తొడుక్కుంటావు? మళ్ళీ నా ప్రాణం తీస్తావు."

 తను నా మెడలో వేలాడుతున్న టేపు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"అందరి కొలతలూ ఒళ్ళు చూసి తీస్తావు. నావి మాత్రం నీ మనసులోంచి తీస్తున్నావక్కా. ఒక్కసారి నన్ను చూసి తియ్యి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు అరిచాను. తిండి తినవు, మందు మింగవు, నీకు బతకాలని లేదు, నా గతేంటో నీకు పట్టదు అన్నాను. తను అన్నీ వింది. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయాక మెల్లగా చెప్పింది.

"మిగతావన్నీ కుట్లు విప్పి కొట్లో పెట్టు, ఎవరికి సరిపోతే వాళ్ళు తీసుకెళ్తారు. ఇదొక్కటీ ఎవరికీ వద్దు. ఇన్నాళ్ళూ ఏది తొడుక్కున్నా నా తర్వాత ఎవరిదో అనుకునే తొడుక్కున్నాను. ఒక్కటైనా అచ్చంగా నా ఒంటిది ఉండనీ అక్కా. ఇప్పుడున్న ఈ ఒంటిది."

ఈసారి తనని చూసి కొలతలు తీశాను. టేపు చుట్టూ తిప్పితే ఇంకా బోలెడు మిగిలిపోయింది. చిన్నప్పుడు నేను ఎత్తుకుని తిరిగిన పిల్ల కొలతలవి. గుండె రాయి చేసుకుని తన మంచం పక్కనే కూర్చుని కుట్లన్నీ విప్పాను, సుద్దతో గీత గీశాను, కత్తెర తీశాను. కళ్ళ నిండా నీళ్ళు, గీత కనబడితే కదా.

"వంకర పోతోంది," అంది దొరసాని దిండు మీంచి.

"నోర్మూసుకో," అన్నాను.

చంక కింద నుంచి అంచు దాకా రెండు వైపులా పొడుగాటి ముక్కలు తెగి నా ఒళ్ళో పడ్డాయి. సన్నగా కుట్టి తొడిగాను. లేపి కూర్చోబెడితే మెడ తిప్పబోయింది గానీ ఓపిక చాల్లేదు.

"వెనక ఎలా ఉంది?"

"దొరసానిలా ఉన్నావే."

"గుచ్చుకోవట్లేదు," అని పడుకుంది. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది. కొన్నాళ్ళకి ఆ కోటుతోనే వెళ్ళిపోయింది.

మిగతావన్నీ చెప్పినట్టే చేశాను. నేను వేసిన కుట్లు నేనే విప్పుకున్నాను. ఇస్త్రీ చేసి తగిలిస్తే అన్నీ నిండుగా, ఆరోగ్యంగా ఉన్న నా చెల్లెలి కొలతలకి వచ్చేశాయి. అది చూసి కుప్పకూలి ఏడ్చాను. ఒక్కొక్కటీ ఎవరెవరికో సరిపోయి వెళ్ళిపోయాయి.

మొన్న బ్యాంకావిడ వచ్చింది. ఆవిడ వేసుకున్న ముదురాకుపచ్చ కోటుకి మోచెయ్యి దగ్గర గుడ్డ అరిగిపోయింది. "ఈ రంగు ముక్క ఏదైనా ఉంటే అతుకు వేస్తారా? మీ దగ్గర చిన్న పీలిక కూడా పారెయ్యరు కదా, చెల్లెలుగారు చెప్పేవారు," అంది.

"చూస్తానుండండి," అని కోటు విప్పించుకుని, తెర వెనక్కి వెళ్ళి మిషను సొరుగు తీశాను. ఆ రెండు ముక్కలూ అందులోనే ఉన్నాయి. ఒకటి తీసి ఆవిడ కోటు మీద పెట్టి చూశాను. అదే ఉన్ని, అదే రంగు. అతుకు వేస్తే వేసినట్టు కూడా తెలీదు.

మళ్ళీ మడిచి లోపల పెట్టేశాను.

"ఆ రంగు లేదండీ. గోధుమరంగుది వేస్తాను," అన్నాను.

ఇంకొకరికి పనికొచ్చే గుడ్డని సొరుగులో దాచుకోవడం మా కొట్లో అన్నిటికన్నా పెద్ద తప్పు. సొరుగు మూసి, సూదిలో దారం ఎక్కించకుండా కాసేపు అలాగే కూర్చున్నాను. తెర అవతలి నుంచి ఎవరూ తిట్టలేదు.