బరువు మీదే బిగించాలి

మా బావకు మతి తప్పుతోందని మా మేనకోడలు తేల్చేసింది. అక్క పోయాక ఆయన రెండుసార్లు పొయ్యి ఆర్పడం మరిచిపోయాడు. ఒకసారి కుళాయి వదిలేసి ఇల్లంతా చెరువు చేశాడు. అంతవరకూ సర్దుకుపోవచ్చు. కానీ షెడ్డులో పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారొకటి ఉంది. దాన్ని బాగుచేసి తనే నడుపుతానంటున్నాడు.

"పొయ్యంటే ఎవరో ఒకరం ఆర్పేస్తాం మామయ్యా. రోడ్డు మీద చక్రం ఊడితే ఎవరు దిక్కు? రేపు పొద్దున వచ్చి చూస్తాను. ఒక్క బోల్టు వదులుగా ఉన్నా షెడ్డుకి తాళం వేసేస్తా" అంది నాతో. తాళం కప్ప కొని సంచిలో పెట్టుకుంది కూడా. మొండితనంలో అచ్చం వాళ్ళమ్మే.

నేను దర్జీని. కార్ల గురించి నాకు తెలిసింది సున్నా. బావకూ నాకూ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ. అయినా ఆ షెడ్డు మూసేస్తే ఆయన మంచం పడతాడని నాకు తెలుసు. అక్క పోయాక ఆయన నాలుగు మాటలు మాట్లాడింది ఆ కారు దగ్గరే.

ఆ మధ్యాహ్నం బావ కునుకు తీస్తుంటే మెల్లగా షెడ్డులోకి వెళ్ళాను. చక్రాలు లేని కారు నాలుగు ఇనుప స్టాండ్ల మీద ఉంది. చక్రాలను కారుకు పట్టి ఉంచే ఆర్ములన్నీ కొత్తవి, వాటి చివర్ల రబ్బరు బుష్షులూ కొత్తవే. ఒక బోల్టు మీద చెయ్యి వేస్తే వేళ్ళకే తిరిగింది. రెండోదీ అంతే. ఒక్కటంటే ఒక్కటి కూడా బిగించి లేదు. నాకు కోపం వచ్చింది, జీవితమంతా స్పానర్ పట్టిన మనిషి చేసే పనేనా ఇది అని. పిల్ల కంట పడకముందే పరువు కాపాడదామని స్పానర్ తీసుకుని, దొంగలా చప్పుడు చెయ్యకుండా, నా శక్తంతా పెట్టి అన్నీ బిగించేశాను.

మర్నాడు పొద్దున మేనకోడలు తాళంతో సహా దిగింది. బావ కారు కిందికి దూరి ఒక ఆర్మును తడిమి చూశాడు.

"ఎవర్రా వీటిని బిగించింది?"

"నేనే బావా. నువ్వు మర్చిపోయావేమోనని..."

"మర్చిపోలేదు. వదిలేశాను."

బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. తిట్టినా బాగుండేది, తిట్టలేదు.

"ఒరేయ్, నువ్వు చొక్కా కొలతలు మనిషికి తీస్తావా, హ్యాంగర్‌కి తీస్తావా?"

"మనిషికే."

"మరి ఈ కారిప్పుడు హ్యాంగర్ మీదుంది. ఆర్ములన్నీ కిందికి వేలాడుతున్నాయి. ఇలా ఉండగా బిగించేస్తే, కిందికి దించి బరువు పడగానే లోపల రబ్బరు మెలి తిరుగుతుంది. ఆ మెలితోనే ఉండిపోయి, నాలుగు రోజులకి చిరిగిపోతుంది. అందుకే కారు నేల మీద నిలబడి, ఎక్కేవాళ్ళు ఎక్కి కూర్చున్నాక బిగించాలి."

మేనకోడలు నావైపు చూసిన చూపుకి, ఆ తాళమేదో నా నోటికి వేసుకోవాలనిపించింది.

బోల్టులన్నీ మళ్ళీ వదులు చేశాడు. చక్రాలు తగిలించి, కారు దించి, ముగ్గురం దాన్ని ముందుకీ వెనక్కీ నెట్టి, కింద నిలబడి పని చేసుకోవడానికి షెడ్డులో తవ్విన గుంట మీదికి తెచ్చాం. "నువ్వు స్టీరింగ్ ముందు కూర్చో. నీ బొజ్జా నా బొజ్జా ఒకటే" అన్నాడు బావ. కూర్చున్నాను. ఆయన మూలనుంచి ఒక గుడ్డ సంచి ఈడ్చుకొచ్చాడు. మొన్నామధ్య ఆయన అడిగితే మందపాటి గుడ్డతో, రెండేసి కుట్లతో నేను కుట్టిచ్చినదే. ఎందుకని అప్పుడు అడగలేదు. ఇప్పుడు దాన్నిండా ఇసుక ఉంది. తండ్రీ కూతురూ కలిసి దాన్ని ఎత్తి నా పక్క సీట్లో పెట్టారు.

"ఇదెందుకు నాన్నా?"

"ఆ సీటు మీ అమ్మది కదా."

మేనకోడలు చెయ్యి తాళమున్న సంచి మీదికి వెళ్ళింది.

"నాన్నా, అమ్మ లేదు" అంది నెమ్మదిగా.

"నాకు తెలీదా తల్లీ? తెలుసు కాబట్టే ఇసుక పోశాను."

ఆయన గుంటలోకి దిగాడు. స్పానర్ చప్పుడు కోసం చూశాం. ఎంతకీ రాలేదు. మేనకోడలు వంగి చూసింది. బోల్టుకు స్పానర్ తగిలించి, నుదురు కారుకు ఆనించి బావ ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నాకు పైకి వినిపించింది. అక్క పోయిన రోజు కూడా ఆయన ఏడవలేదు.

మేనకోడలు ఆ ఇసుక సంచిని తనే లాగి కింద పడేసింది. ఎక్కి ఆ సీట్లో కూర్చుంది.

"నాన్నా, అమ్మకంటే నేను కాస్త బరువు. పర్లేదా?"

కింద బావ ముక్కు చీదుకున్నాడు.

"పర్లేదు. ఇకమీదట కూర్చునేది నువ్వేగా. కదలకు" అన్నాడు బావ. మొదటి బోల్టు బిగిసిన చప్పుడైంది. తర్వాత రెండోది.

పని పూర్తయ్యాక మేనకోడలు తాళం కప్పనీ, రెండు తాళంచెవులనీ వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. "షెడ్డు తెరిచి వదిలేయకు నాన్నా, పనిముట్లు పోతాయి" అంది.

ఆ సంచిని మూలన పెట్టమని బావ నాకు చెప్పాడు. వంగి ఎత్తబోయాను. లేవలేదు. ఆసుపత్రిలో చివరి రోజుల్లో అక్కను మంచం మీంచి కుర్చీలోకి నేనొక్కణ్ణే ఎత్తేవాణ్ణి. ఆవిడ బట్టలు మళ్ళీ మళ్ళీ లోపలికి కుట్టిందీ ఈ చేతులే. మళ్ళీ ప్రయత్నించాను, నావల్ల కాలేదు. బావ అందులో పోసింది జబ్బు పడకముందు అక్క ఉన్న బరువు.