సన్నటి కీచు

ఆ ఫ్యాక్టరీలో నీటి ఫిల్టర్ల డబ్బాలకు మూతలు అతికే యంత్రాలన్నీ హెడ్ ఫిట్టరు చేతి మీదుగానే నడిచేవి. అక్కడ జిగురుండదు, మంటుండదు. హారన్ అనే లోహపు దిమ్మ మూత మీద ఒత్తి, చెవికి అందనంత వేగంగా అదురుతుంది. ఆ అదురుకు ప్లాస్టిక్ కరిగి క్షణంలో అతుక్కుంటుంది. హారన్‌కు పగులొస్తే మాత్రం సన్నగా కీచుమంటుంది. ఆ కీచును గోడ అవతల నుంచైనా పట్టేస్తాడని ఆయనకు పేరు.

ఏడాదిగా ఆయనకు సన్నటి శబ్దాలు వినపడటం లేదు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

ఆమె తమ్ముడు మూడో యంత్రం మీద పనిచేస్తాడు. సోమవారం పొద్దున్నే వచ్చి, "బావా, కీచుమంటోంది, ఒకసారి విను" అన్నాడు.

హెడ్ ఫిట్టరు తల వంచి విన్నాడు. ఏమీ లేదు.

"చిన్నప్పుడు మీ అక్క నీ చెవులు మెలేసిన పుణ్యంరా అది. యంత్రం బంగారంలా ఉంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మర్నాడు మళ్లీ అడిగితే కసిరి పంపాడు.

బుధవారం తనిఖీ చేసే ఆవిడ మూడో యంత్రం డబ్బాల్లోకి గాలి కొట్టి నీళ్లలో ముంచింది. పదింటిలో నాలుగు అతుకు దగ్గర బుడగలు వదిలాయి. మేనేజరు వచ్చి, హెడ్ ఫిట్టరు బావమరిదిని పిలిచాడు.

"హారన్ ఒత్తిడి నువ్వే మార్చుంటావు."

"నేనేం ముట్టుకోలేదు సార్. కీచుమంటోందని రెండుసార్లు చెప్పాను. బావనడగండి."

అందరూ హెడ్ ఫిట్టరు వైపు తిరిగారు.

"నేను విన్నప్పుడు ఏమీ లేదు" అన్నాడాయన. అది అబద్ధం కాదు. అందుకే మరీ గుచ్చుకుంది. బావమరిదిని వారం రోజులు పనిలోంచి ఆపేశారు.

"వాడు తప్పు చేశాడంటారా?" అని ఇంట్లో భార్య అడిగింది. ఆయన లేచి స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. వినపడిన మాటను విననట్టు నటించడం ఆయనకు అదే మొదలు.

మర్నాడు తనిఖీ ఆవిడ దగ్గరికి వెళ్లి, "మూడో యంత్రం హారన్ విప్పి చూడండమ్మా" అన్నాడు. ఆవిడ ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి జల్లింది. అంచున పగుల్లో నిలిచిపోయిన రంగు వెంట్రుకంత ఎర్రగీతలా తేలింది.

"ఇంత పగులుంటే మీకు వినపడలేదా?"

"నాకు వినపడదమ్మా. ఏడాదైంది."

షెడ్డంతా విన్నది. ఆయన తలెత్తలేకపోయాడు.

సాయంత్రం బావమరిది ఇంటికి వెళ్లాడు. వాడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పని సంగతి వదిలెయ్ బావా. నా చెవులే పాడయ్యాయనుకుని డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాను."



శుక్రవారం కొత్త హారన్ బిగించి బావమరిదిని పనిలోకి పిలిచారు. హెడ్ ఫిట్టరుకు నీళ్లతొట్టె దగ్గర బుడగలు చూసే పని ఇచ్చారు. బావమరిది అటుగా వెళ్తూ ఇప్పటికీ పలకరిస్తాడు, కాస్త గట్టిగా. అది తన కోసమేనని ఆయనకు తెలుసు. తొట్టెలోకే చూస్తూ తలూపుతాడు.