చర్చికిచ్చిన చెట్టు

పచ్చరంగు నింపిన పీపాను ట్రాక్టరుకు కట్టి తమ్ముడు ఎస్కిల్ వరసగా క్రిస్మస్ చెట్లకు ఆ రంగు కొట్టుకొస్తుంటే ఇంగర్లిసకు అసహ్యమేసింది. ట్రాక్టరు నడుపుతున్నది తనే. ఆ సంగతి ఇంకా రోత పుట్టించింది.

వసంతంలో ఎరువు వేయాల్సింది. "ఈ ఒక్క ఏడాదికీ వద్దులే అక్కా, నేల బలంగానే ఉంది" అన్నాడు వాడు. వేసవిలో మాత్రం ఒళ్ళు దాచుకోలేదు. చెట్టు కొన మరీ పొడుగు సాగకుండా పటకారుతో నొక్కారు, పిట్టలు చిగురు మీద వాలి విరగ్గొట్టకుండా వాటికి వాలడానికని చెట్టుచెట్టుకూ పైన పుల్ల కట్టారు. తిండి పెట్టకుండా బిడ్డకు తల దువ్వినట్టయింది. సెప్టెంబరుకల్లా, పదేళ్ళు పెంచిన చెట్లు కామెర్లొచ్చినట్టు పసుపు తిరిగాయి.

"థూ! పీనుగుకు పౌడరు రాసినట్టుందిరా."

"అందరూ చేసేదేనే. అంత అసహ్యమైతే బండి ఆపు."

ఆమె ఆపలేదు. ఒక్కటే అడిగింది. నాన్న కాలం నుంచీ క్రిస్మస్‌కు ఊరి చర్చిలో పెట్టే చెట్టు వీళ్ళ తోటదే. నాన్న పేరు ఊళ్ళో నిలిచింది దానివల్లే. పెరటి పక్కన రంగు అక్కర్లేని మంచి చెట్టొకటుంది, దాన్నే పంపమంది. సరేనన్నాడు.

క్రిస్మస్‌కు ముందొచ్చే లూసియా పండుగనాడు, వానలో తడిసిన చెట్టును అప్పుడే చర్చిలో నిలబెట్టారు. తెల్ల గౌన్ల పిల్లలు పాట ముగించి, కొమ్మలకు కాగితపు హృదయాలు కట్టడానికి ఎగబడ్డారు. చేతులు పచ్చబడ్డాయి. గౌన్లు పచ్చబడ్డాయి. ఒక చిన్నది వేలు నోట్లో పెట్టుకుని ఏడుపు లంకించుకుంది. పెరటి పక్కన మంచి చెట్టును తమ్ముడు జర్మనీకి అమ్మే సరుకుతో లారీ ఎక్కించేశాడని ఇంగర్లిసకు అర్థమైంది.

"ఇదేం తెగులమ్మా?" అడిగింది పాస్టరమ్మ.

"బూజండీ," ఎస్కిల్ ముందే అందుకున్నాడు. "ఈ ఏడు వానలెక్కువ కదా."

పాపం అన్నట్టు అందరూ తలలూపారు. ఆ జాలి చూసి ఇంగర్లిస ముందుకొచ్చింది.

"బూజూ కాదు, పాడూ కాదు. రంగు. ఎరువు ఎగ్గొట్టాం, చెట్లు పసుపెక్కాయి, రంగు పూశాం. నేనూ చెయ్యి వేశాను. ముందు ఆ పిల్ల నోరు కడగండి."

తల్లులు పిల్లల్ని చెట్టు దగ్గర్నుంచి ఇవతలికి లాక్కున్నారు.

చర్చి బయట ఎస్కిల్ మండిపడ్డాడు. "కొంప ముంచావు కదే! ఇక మన చెట్టు ఎవడు కొంటాడు?"

"నేనైతే కొనను," అంది ఇంగర్లిస.